నా తుపాకీ మీద తోకచుక్క

ఒక ఆదివారం మధ్యాహ్నం కార్లో సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తానని చెప్పింది మా అమ్మాయి. జీతం లేని ఉద్యోగమే, కానీ నాకున్న రెండింట్లోనూ ఇష్టంగా చేసేది అదొక్కటే. నేను ఆమె పార్ట్‌నర్‌ని.

అమెరికాలో మేముండే ప్లేనోకి ఉత్తరంగా గంట దూరంలో ఒక షూటింగ్ రేంజ్ ఉంది. అక్కడ నెలకోసారి కార్బైన్ పోటీలు పెడతారు. కార్బైన్ అంటే, పిస్తోలు తూటాలు తినే పొట్టి రైఫిల్. దాన్ని భుజానికి ఆనించి, ఒకపక్క గడియారం పరుగెడుతుంటే, ఇనప పళ్ళేలని టంగు టంగుమనిపించుకుంటూ పోవాలి. కాలేజీలో ఈ సరదా అంటించుకొచ్చిన అమ్మాయి, వారాంతాల్లో ఊరికే కూచుంటున్నావు రమ్మని నన్ను కూడా లాక్కెళ్ళింది. రెండేళ్ళయింది. ఇప్పుడు ఊరికే కూచోవట్లేదు. నిలబడి, అందరికంటే చివర వస్తున్నాను.

నవంబరులో జంటల పోటీ. ఇద్దరి స్కోరూ కలుపుతారు. అంటే ఆమె కట్టిన గోడని నేను కూలుస్తానన్నమాట.

"యాభై గజాల దగ్గర ఆరు ప్లేట్లలో నాలుగన్నా కొట్టాలి నాన్నా," అంది. "రిజిస్ట్రేషన్ క్లోజ్ అయ్యే ముందు. లేకపోతే బస్ ఆంటీతో టీమ్ చేస్తాను. సారీ."

బస్ ఆంటీ అంటే, స్కూలు బస్సు నడిపి రిటైరైన డెబ్భై ఏళ్ళ అమెరికన్ ఆవిడ. ఆరుకి ఆరూ కొట్టి, మధ్యలో నాకేసి చూసి జాలిగా నవ్వగలదు కూడా. ఆవిడకి నా కుర్చీ పోతుందంటే నాకు నిజంగానే గుండెల్లో కలుక్కుమంది. మా అమ్మాయి ఉద్యోగం వేరు, స్నేహితులు వేరు, ఫోన్ నిండా వేరే ప్రపంచం. ఆమె నాతో మూడు గంటలు ఒకే చోట ఉండేది ఆ రేంజ్‌లోనే.

తప్పు నాది కాదని మొదట్నుంచీ నా నమ్మకం. తుపాకీతోపాటు వచ్చిన గురి రెండు ఇనపముక్కలు. వెనకదాని సందులోంచి ముందుదాన్ని చూసి, దాని కొసన పళ్ళేన్ని కూచోబెట్టాలి. యాభై నాలుగేళ్ళ కంటిని ఈ మూడింటినీ ఒకేసారి చూడమనడం, ముగ్గురన్నదమ్ముల్ని ఒకే గదిలో కూచోబెట్టి ఆస్తి సంగతి తేల్చుకోమనడం లాంటిది. ఎవరో ఒకరు మసకబారతారు. దీనికి విరుగుడు రెడ్ డాట్ సైట్. ఒక చిన్న గాజుకిటికీ, అందులో ఎర్రటి వెలుగుచుక్క. చుక్క ఎక్కడ వాలితే తూటా అక్కడికి.

గెలిచేవాళ్ళు వాడే సైట్లు కొన్ని తుపాకీ కంటే ఖరీదు. చివర వచ్చేవాడికి అంత దేనికని రెండు వందల డాలర్ల దగ్గర గీత గీసుకున్నాను. తర్వాత మనవాళ్ళు దోసెల పెనం కొన్నా చేసే పనే చేశాను. స్ప్రెడ్‌షీట్ తెరిచాను. పద్నాలుగు సైట్లు, ఒక్కోదానికి తొమ్మిది గళ్ళు: బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది, వానకి తట్టుకుంటుందా, కదిపితే తనంతట తనే వెలుగుతుందా, చుక్క ఎంత లావు. రోజూ లంచ్ టైమ్‌లో పెరుగన్నం కలుపుకుంటూ ముక్కూ మొహం తెలియనివాళ్ళ రివ్యూలు చదివాను. ఆ వారంలోనే అల్ఫారెట్టాలో ఉండే స్నేహితుడు ఫోన్ చేశాడు. ఒక సైట్ చూస్తున్నాను, యాభై గజాలకి సరిపోతే చాలు అన్నాను. యాభై గజాల్లో బాత్రూం కూడా లేవదురా, కాస్త ఊరికి దూరమైనా రెండొందల గజాలు చూసుకో అని పది నిమిషాలు హితబోధ చేశాడు. తుపాకీకి అని చెప్పాక, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అని అడిగాడు.

మొదటి సైట్ ఆన్‌లైన్లో తెప్పించాను. బిగించి కన్నుపెట్టి చూస్తే చుక్క గుండ్రంగా లేదు. కామా లాగా ఉంది, కిందకి తోకతో. చవకరకం కదా, చుక్క కూడా సరిగ్గా పెట్టలేకపోయారు అనుకుని తిప్పి పంపాను. రెండోది ఊళ్ళో తుపాకుల షాపులో కొన్నాను. అందులోనూ తోకే. వెనక్కి పట్టుకెళ్తే కౌంటర్లో తెల్లమీసాల పెద్దాయన తను కూడా చూసి, నాకు గుండ్రంగానే ఉందే అన్నాడు. వాపసు ఎగ్గొట్టడానికి ఎంత నిమ్మళంగా అబద్ధమాడుతున్నాడో అనుకున్నాను. నవ్వుతూనే, ఇంకోటి తెప్పించి మార్చిస్తానన్నాడు. తప్పు చేసినవాడు కాబట్టే అంత మర్యాద అని మా ఆవిడకి చెప్పాను కూడా.

మా ఆవిడ నన్ను కళ్ళ డాక్టరుకి చూపించుకోమని అప్పటికి రెండేళ్ళుగా చెబుతోంది. నేను హైవే మీద దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోతే, బోర్డులు లేటుగా పెడుతున్నారన్నాను. ఎదురొచ్చే కార్ల లైట్లకి మీసాలు కనపడితే, ఈ ఎల్ఈడీలొచ్చాక అన్నీ నాసిరకమే అన్నాను. మందుల షాపులో కొన్న చదువుకునే కళ్ళజోడు ఉంది కదా, ఇంకేం కావాలి? నా వాదనల్లో ఎక్కడా మసక ఉండేది కాదు.

మూడో సైట్ వచ్చేసరికి దసరా. గరాజ్‌లో ఆయుధపూజ. రెండు కార్లు, రెండు లాప్‌టాప్‌లు, ఇల్లూడ్చే రోబో, ప్రెషర్ కుక్కర్, చివర్న బల్ల మీద కార్బైన్. అందులో తూటా లేదని తెలిసేలా అమ్మాయి దాని తూటా పెట్టే చోట పసుపుపచ్చ ప్లాస్టిక్ జెండా దూర్చి, అమ్మకి రెండుసార్లు చూపించింది. మా ఆవిడ అందరికీ పెట్టినట్టే దానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది, సరిగ్గా సైట్ నెత్తిన. కాస్త కుంకుమ గాజు మీద రాలింది. నేను పంచె కొంగుతో తుడిచాను.

మర్నాడు రేంజ్‌లో కన్నుపెట్టి చూశాను. అదే తోక, మరికాస్త చెదిరి. మూడో చుక్క కూడా చెడిపోయింది! ఆరు పళ్ళేల్లో ఒకటి కొట్టాను. అదీ పక్కవాళ్ళది. అమ్మాయి నా స్కోరు రాసుకుని పక్కకి వెళ్ళింది. పక్క వరసలో బస్ ఆంటీ ఉచితంగా సలహాలిస్తోంది, అమ్మాయి తల ఊపుతోంది. రిజిస్ట్రేషన్‌కి రెండు వారాలే ఉంది.

ఇంటికొచ్చి, సైట్ బల్ల మీద పెట్టి, ఇరవయ్యారేళ్ళ కాపురంలో అనకూడని మాట అన్నాను. కుంకుమ గాజు లోపలికి పోయి చుక్క పాడైందన్నాను. నీ పూజ వల్ల నా పార్ట్‌నర్‌షిప్ పోయేలా ఉందన్నాను.

మా ఆవిడ చేతిలో కూర గరిట కింద పెట్టింది.

"ఇరవయ్యారేళ్ళుగా నా మొహాన ఉంది బొట్టు," అంది. "ఏ రోజన్నా చెదిరిందా? మీ తుపాకీ మీదకెళ్ళేసరికి చెదిరిందా?"

గరిట మళ్ళీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. భోజనానికి పిలవలేదు. నేనే వెళ్ళి కూచున్నాను.

అమ్మాయి ఇదంతా మెట్ల మీద కూచుని విందని, తర్వాత గాని తెలియలేదు. కిందకొచ్చి సైట్ తీసుకుని, ఆన్ చేసి, దాని వెనక ఫోన్ కెమెరా ఆనించి ఫోటో తీసింది. నా ముందు పెట్టింది. ఫోటోలో చుక్క, కంపాస్‌తో గీసినట్టు ఉంది.

ఫోన్ వాళ్ళు ఫోటోలు సరిచేసేస్తారు, నమ్మకూడదు అన్నాను.

"ఓకే, ఇప్పుడు చూడు నాన్నా. తోక ఎటు ఉంది?"

కిందకి అన్నాను. సైట్‌ని చేతిలో పక్కకి తిప్పింది. ఇప్పుడు? కిందకే. తలకిందులుగా తిప్పింది. ఇప్పుడు? అప్పుడూ కిందకే. సైట్ మొత్తం తిరిగినా తోక తిరగలేదు. అది గాజులో ఉంటే గాజుతో పాటు తిరగాలి కదా.

"సో, తోక నీది," అంది మా అమ్మాయి.

మా ఆవిడ వంటింట్లోంచి, ఎవరితోనో అన్నట్టుగా, గురువారం పదిన్నరకి అంది. అపాయింట్‌మెంట్. రెండేళ్ళుగా నా పేరు మీద తీసుకోవడం, నేను మీటింగ్ ఉందంటే వాయిదా వేయడం ఆవిడకి అలవాటైపోయిందట.

కళ్ళ డాక్టరు వయసులో చిన్నదే. నా కళ్ళు గుండ్రంగా గోళీల్లా లేవని, అమెరికన్ ఫుట్‌బాల్‌లా కాస్త సాగి ఉన్నాయని చెప్పి, సిలిండర్ పవర్ రాసింది. మా ఇంట్లో సిలిండర్ ఎప్పుడూ వంటింట్లోనే ఉండేదన్నాను. నవ్వలేదు. ఆవిడకి సిలిండరంటే నా కళ్ళే, గ్యాస్ నా కబుర్లు. రాత్రిళ్ళు నక్షత్రాలకి తోకలు కనపడతాయా అని అడిగింది. అందరికీ కనపడవా అన్నాను.

దూరానికీ దగ్గరికీ పనికొచ్చే ఆ కళ్ళజోడు ఖరీదు, మూడు సైట్ల ఖరీదూ కలిపినా ఎక్కువే. స్ప్రెడ్‌షీట్లో దానికి గడి లేదు.

వారానికి జోడు తయారైంది, పెట్టుకుని ఇంటికొచ్చాను. గరాజ్ మూలల్లో ఇన్ని సాలెగూళ్ళున్నాయని అప్పుడే తెలిసింది. అద్దంలో ఎవరో పెద్దాయన ఉన్నాడు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. క్షమాపణ ఎలా చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను. దగ్గరికెళ్ళి, నీ బొట్టు ఎంత గుండ్రంగా ఉందో ఇన్నాళ్ళకి కనపడింది, ఇరవయ్యారేళ్ళు చెదరలేదన్నావు, నిజమే, నాదే తప్పు అన్నాను.

"ఇది స్టిక్కరండీ," అంది. "పదేళ్ళయింది." వేలితో ఒకసారి నొక్కి చూసుకుని, "చెదరదు," అని చేర్చింది. ఆ పూట భోజనానికి పిలిచింది.

శనివారం పొద్దున్నే రేంజ్‌కి వెళ్ళాం, నేనూ అమ్మాయీ. రిజిస్ట్రేషన్ సాయంత్రం క్లోజ్. బస్ ఆంటీ కాఫీ ఫ్లాస్కుతో కుర్చీ వేసుకుని కూచుంది, నా వారసురాలిలా. సైట్ అదే, కుంకుమ పెట్టిందే. నెత్తిన ఎర్రమరక ఇంకా ఉంది, తుడవడానికి ధైర్యం చాల్లేదు. కన్ను పెట్టాను. కిటికీలో ఒకే ఒక్క చుక్క, తోక లేకుండా, బుద్ధిగా ఉంది.

టంగు. టంగు. మూడోది పోయింది. టంగు. ఐదోది కూడా పోయింది. ఆరో పళ్ళెం మీద చుక్క ఒకచోట నిలవనంది. కళ్ళకి జోడు పెట్టించుకున్నాను గాని చేతులకేం పెట్టించుకోలేదు కదా. ఊపిరి బిగబట్టాను.

టంగు.

నాలుగు. అమ్మాయి గడియారం ఆపి, ఫోన్ తీసి ఏదో టైప్ చేయడం మొదలుపెట్టింది. ఇద్దరి పేర్లూ రాస్తోందని తెలుస్తూనే ఉంది, అయినా అడగడానికి భయం. ఫోన్ నా వైపు తిప్పి, స్పెల్లింగ్ చూడమంది. చెయ్యి చాచి దూరంగా పట్టుకోబోయి, అవసరం లేదని గుర్తొచ్చి, మామూలుగా పట్టుకున్నాను. పార్ట్‌నర్ అన్న గడిలో నా పేరు ఉంది. పైన టీమ్ పేరు: ఇట్స్ నాట్ ద డాట్.

స్పెల్లింగ్ కరెక్టే అన్నాను. బస్ ఆంటీ ఫ్లాస్కు మూతలో నాకు కాస్త కాఫీ పోసిచ్చింది.