ముందు వరసలో ఆరు కుర్చీలు

పీర్ మహమ్మద్ మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టేవాడు కాదు, వాళ్ళింటి కుర్చీని బట్టి గుర్తుపట్టేవాడు. బజారులో ఎవరైనా పలకరించి ఇంటిపేరు చెబితే తెల్లమొహం వేసేవాడు. "మా ఇంట్లో కత్తిగాటు పడ్డ టేకు కుర్చీ ఉంటది చూడు" అంటే మాత్రం మొహం విప్పారేది. "గట్ల చెప్పరాదు బిడ్డా! మీ తాత ఎడమపక్కకు ఒరిగి కూసుంటుండె. గా మూలకే పేము తెగుతుండె" అనేవాడు. ఆ తాత పోయి పదేళ్ళు దాటినా ఆయన ఒరగడం మాత్రం పీర్ మహమ్మద్‌కు నిన్నటి సంగతే.

మక్తల్‌లో పేము కుర్చీలు అల్లేవాడు ఆయన ఒక్కడే. మసీదు వెనక సందులో రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు అరుగు, అరుగు పక్కన నీళ్ళ తొట్టిలో నానుతున్న పేము బద్దలు. బద్ద తక్కువ నానితే విరుగుతుంది, ఎక్కువ నానితే కుళ్ళుతుంది. ఎంత నానాలో చెప్పమని నేనొకసారి అడిగితే, "నాననియ్యాలె సారూ, నానినంక తియ్యాలె" అన్నాడు. పిల్లలకు ఎక్కాలు నేర్పే నాకు ఇంత మంచి సమాధానం ఎన్నడూ తట్టలేదు.

ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉండేది. అల్లిక పూర్తయిన ప్రతి కుర్చీ మీదా మొదట ఆయన భార్య అజీజా బేగం కూర్చోవాలి. ఆమె కూర్చొని, అటూ ఇటూ కదిలి, లేచి, "పో" అంటేనే ఆ కుర్చీ గడప దాటేది. "ఊహూ" అంటే ఆయన మారుమాట్లాడకుండా విప్పి మళ్ళీ అల్లేవాడు. అందుకే ముప్పై ఏళ్ళలో ఆయన అల్లిన కుర్చీ ఒక్కటి కూడా ఎవరి కిందా తెగలేదు. ఊళ్ళో పెద్దమనుషుల కుర్చీలన్నిటి మీదా ముందు కూర్చున్నది అజీజా బేగమే అని వాళ్ళకు తెలియదు. తెలిస్తే కొందరు కుర్చీలు కడుక్కునేవాళ్ళు.

నేనప్పుడు ఆ ఊరి బడిపంతుల్ని. పేరు నర్సింహ. వయసు ఇరవై ఆరు, కోపం మాత్రం అరవై ఏళ్ళ ముసలివాడిది. 1963లో వానాకాలం మా బడి పైకప్పు కురిసి పిల్లలు గొడుగుల కింద చదువుకున్నారు. రేకులు వేయించడానికి ఊరి పెద్దలు ఒక ఉపాయం ఆలోచించారు. రాయచూరు నుంచి ఖవ్వాలీ బృందాన్ని పిలిపించి, ధాన్యం అమ్మే గంజ్ ఆవరణలో టికెట్ పెట్టి కచేరీ చేయించాలన్నారు. కరెంటును నమ్ముకోలేక సాయంత్రం నాలుగింటికే మొదలన్నారు. ముందు కుర్చీలు, వాటి వెనక మా బడి బెంచీలు, ఆ వెనక నేల. ఆడవాళ్ళకు దూరంగా ధాన్యం గోదాము వరండా మీద చిక్కులు, అంటే వెదురు పుల్లల తెరలు, కట్టి జాగా చేశారు. జనాన్ని కూర్చోబెట్టే పని నా నెత్తిన పెట్టారు. పంతులు గదా, కూర్చోండంటే కూర్చుంటారనుకున్నారు పాపం.

కుర్చీలు ఇంటింటికీ తిరిగి అడిగి తెచ్చాం. నలభై వచ్చాయి. వాటిలో సగం నడుములో గుంటలు పడ్డవి, సగం చిల్లులు పడ్డవి. అన్నిటినీ పీర్ మహమ్మద్ ఇంటికి చేర్చాం. ఆయన రెండు వారాలు వంచిన నడుము ఎత్తకుండా అల్లాడు.

కచేరీ ఇంకా రెండు రోజులుందనగా ఆయన బడికి వచ్చాడు. తల మీది టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. అడగలేని మాట ఏదో అడగడానికి వచ్చాడని అర్థమైంది.

"సారూ, మా ఇంటామెకు ముంగటి వరసల ఒక్క కుర్చీ కావాలె."

"ఆడోళ్ళకు వరండా మీద జాగా ఉన్నది గదా మామా."

"గంత దూరం నుంచి ఆమెకు ఇనవడది సారూ."

అప్పుడు చెప్పాడు. అజీజా బేగం పుట్టిల్లు కృష్ణ అవతల, రాయచూరు పక్క పల్లె. ఆమె చిన్నప్పుడు అక్కడి దర్గా ఉర్సులో, ఇప్పుడు వస్తున్న బృందంలో ముఖ్య గాయకుడు, ఆ పెద్ద ఖవ్వాలే పాడేవాడు. అప్పటికి అతనికి మీసాలు కూడా సరిగా రాలేదు. ఆమె వేదిక కాళ్ళ దగ్గర కూర్చొని వినేది. పెళ్ళయి మక్తల్ వచ్చాక మళ్ళీ ఆ గొంతు వినలేదు. ఇప్పుడు కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి కూడా పోతోంది. వచ్చే ఏటికి ఏమీ వినపడదని పాలమూరు దవాఖానలో డాక్టరు చెప్పాడట.

"మైకు ఉంటది గదా" అన్నాను.

"మైకుల ఆమెకు గరగర తప్ప మాట తెల్వది. మనిషి గొంతు దగ్గర్నుంచి ఇంటేనే తెలుస్తది. నా కూలి వద్దు సారూ. గా మూలకు ఒక్క కుర్చీ ఇయ్యి, చుట్టూ చీర కట్టుకుంటం."

నేను ఒప్పుకోలేదు. ఒకరి కోసం రివాజు మారిస్తే ఊరంతా నా మీద పడుతుందన్నాను. ముందు వరస పేర్లు రాసి పెద్దలకు చూపించడం అయిపోయిందన్నాను. నిజానికి తహసీల్దారు పక్కన పర్దా కట్టమని గంజ్ పెద్దల్ని అడగడానికి నాకు దమ్ము లేకపోయింది. దాన్నే రివాజు అన్నాను. పీర్ మహమ్మద్ వాదించలేదు. "మంచిది సారూ" అని వెళ్ళిపోయాడు. ఆయన నాలుగు మాటలు అనిపోయినా నాకు అంత బాధ ఉండేది కాదు.

కచేరీ రోజు మూడున్నరకే ఆవరణ నిండింది. అప్పుడు మొదలైంది అసలు తమాషా. కుర్చీ టికెట్ కొన్నవాళ్ళెవరూ టికెట్ మీది నంబరు చూడరు. ప్రతివాడూ తన ఇంటి కుర్చీ ఎక్కడుందా అని వెతకడమే. అరువిచ్చినంత మాత్రాన అది తన జాగా కాదని ఒక్కరికీ తోచలేదు. కిరాణా కొట్టు గోపయ్య సేటు కుర్చీ తహసీల్దారు వంతుకు వచ్చింది.

"నా కుర్చీల ఆయన కూసుంటే, నేను ఇంకోని కుర్చీల కూసోవాల్నా? ఏందయ్యా గీ న్యాయం?" అని గోపయ్య నా మీదికి వచ్చాడు.

ఇద్దరినీ పక్కపక్కకు మార్చాను. అది చూసి ఇంకొకాయన లేచాడు. అతన్ని మార్చాను. మూడో ఆయన నేల టికెట్‌తో వచ్చి, మూడో వరసలో ఉన్నది తన మామగారి కుర్చీ కాబట్టి అందులో కూర్చునే హక్కు అల్లుడిగా తనకుందన్నాడు. నా అరవై ఏళ్ళ కోపం తొంభైకి చేరింది. అప్పుడే పీర్ మహమ్మద్ ముందు వరసలోకి వచ్చాడు.

ఎడమపక్క ఆరు కుర్చీల ముందు ఆగాడు. ఒక్కొక్కరినీ లేవమని, కుర్చీ తిరగేసి, మెటికలతో పేము నొక్కి చూశాడు. తల అడ్డంగా ఊపాడు.

"సారూ, గీ ఆరు ఆగయి."

"ఆగయా? ఏమైంది?"

"బద్దలు ఎక్కువ నానినయి. మగోళ్ళ బరువుకు ఆగయి. నడుమ తెగి సాబులు కిందవడితే బాగుండది."

తహసీల్దారు మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. వందల మంది ముందు కింద పడడం ఊహించుకున్నాడో ఏమో, ఎంతో మర్యాదగా కుడిపక్కకు జరిగాడు. గోపయ్య మాత్రం జరగలేదు.

"ముప్పై ఏండ్ల సంది అల్లుతున్నవు. గిదేనా నీ పని పీరూ?" అన్నాడు అందరికీ వినిపించేలా.

పీర్ మహమ్మద్ తల వంచుకున్నాడు. "చెయ్యి తప్పింది సేటూ. ముసలోణ్ణయిన."

ఆ మాట అన్నప్పుడు ఆయన మెడ నరాలు ఉబ్బడం చూశాను. వెనక బెంచీల నుంచి ఎవరో నవ్వారు. ఇంకెవరో "ఇంగ మంచాలల్లుకో మామా" అన్నారు. ముందు వరసవాళ్ళు రెండో వరసకు, రెండో వరసవాళ్ళు ఆ వెనక్కు, చివరి వరసవాళ్ళు బెంచీలకు జరిగారు. ఆఖర్న లేచిన గోపయ్య సేటు గొణుక్కుంటూ మా రెండో తరగతి పిల్లల బెంచీలో ఇరుక్కున్నాడు.

ఈలోగా ఖవ్వాలీ బృందం వేదిక ఎక్కింది. పెద్ద ఖవ్వాలు ఎదురుగా ఆరు ఖాళీ కుర్చీలు చూసి మొహం ముడుచుకున్నాడు. పాటగాడికి ఖాళీ కుర్చీని మించిన అవమానం లేదు.

"ఆడోళ్ళ బరువుకైతే ఆగుతయి సారూ" అన్నాడు పీర్ మహమ్మద్ నా పక్కన చేరి, మెల్లగా. "వరండా మీది చిక్కు ఒకటి తెచ్చి అడ్డం కడదాం."

ఆలోచించే టైము లేదు. చిక్కు వచ్చింది, రెండు గుంజలకు కట్టాం. వరండా మీంచి ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఐదుగురు నవ్వుకుంటూ వచ్చి కూర్చున్నారు. ఆరో ఆమెను పీర్ మహమ్మద్ మోచెయ్యి పట్టి నడిపించుకొచ్చాడు. అజీజా బేగం వేదికకు అందరికంటే దగ్గరగా ఉన్న కుర్చీ ముందు ఆగి, వంగి, అరచేత్తో అల్లిక నొక్కి చూసింది. మూడు రోజుల కిందట తాను కూర్చొని "పో" అని పంపిన కుర్చీ అది. తలెత్తి భర్త మొహంలోకి చూసింది. ఆయన వేదిక వైపు చూడసాగాడు. ఆమె ఇంకొక క్షణం నిలబడి, అప్పుడు కూర్చుంది. అల్లిక కిర్రుమని కూడా అనలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ ఆరింటిలో ఒక్కటి కూడా తెగేది కాదు. నేను ఇవ్వనన్న జాగాను ఆయన తన పేరు పెట్టి కొన్నాడు. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

పాట మొదలైంది. నేను వేదిక పక్కన నిలబడ్డాను కాబట్టి నాకు ఆమె కనిపిస్తోంది. ఎడమ చెవి గొంతు వైపు పెట్టి, కళ్ళు మూసుకొని వింది. కాసేపటికి ఆమె పెదవులు కదిలాయి. ఖవ్వాలు ఒక మాట అనబోయే ముందే ఆ మాట ఆమె పెదవుల మీద ఉంటోంది. అతను ఒకచోట గొంతు పైకెత్తి, అక్కడే నిలిపి, మెల్లగా దించాడు. చిక్కు వెనక నుంచి "వాహ్!" అని గట్టి కేక వినిపించింది. తన గొంతు ఎంత పెద్దదో ఆమెకు తెలియదు కదా. ఆవరణంతా అటు తిరిగింది. ముసలి ఖవ్వాలు పాట ఆపి, చిక్కు వైపు సలాము చేసి, ఆ చరణం మళ్ళీ మొదటి నుంచి పాడాడు. పీర్ మహమ్మద్ గుంజను పట్టుకొని నిలబడ్డాడు. ఆయన పాట వినడం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

బడికి రేకులు పడ్డాయి. పీర్ మహమ్మద్‌కు మాత్రం పని తగ్గిపోయింది. గోపయ్య సేటు తన కుర్చీలు నారాయణపేటకు పంపించాడు. ఆయన్ని చూసి మరో నలుగురు పంపించారు. పిల్లలు "చెయ్యి తప్పింది, చెయ్యి తప్పింది" అని సందులో అరుస్తుంటే దొరికినవాళ్ళ చెవులు మెలిపెట్టాను. కానీ అసలు మెలిపెట్టవలసింది నా చెవులే. రంజాన్ వెళ్ళాక ఇక ఉండబట్టలేక ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఎవరిదో నులక మంచం బిగిస్తున్నాడు. తొట్టిలో నీళ్ళు లేవు.

"మామా, రేపు గంజ్‌ల నలుగురిని పిలిచి ఉన్న మాట చెప్తా. గా కుర్చీలు మంచిగనే ఉండెనని చెప్తా."

ఆయన నులక వదిలేసి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులో వణుకు లేదు.

"వద్దు సారూ. చెప్తే ఆమె దొంగ జాగల కూసున్నదంటరు."

"మరి నీ పేరు మామా?"

"నా పేరు నాకెందుకు సారూ? ఆమెకు ఇనవడ్డది గదా."

ఏదో అనబోయాను. లోపలి గదిలో అజీజా బేగం బియ్యం ఏరుతూ పాడుతోంది. డాక్టరు చెప్పిన ఏడాది ఇంకా నిండలేదు గానీ ఎడమ చెవి అప్పటికే పోయింది. రాగం ఎటో పోతోంది, తాళం ఎక్కడో పడుతోంది. చరణాలు మాత్రం ఆ సాయంత్రం విన్నవే, ఒక్క మాటా తప్పలేదు. మా మాటలు ఆమెకు ఏమాత్రం వినపడవు. అయినా పీర్ మహమ్మద్ నోటి మీద వేలు పెట్టుకొని, నన్ను మాట్లాడొద్దని సైగ చేసి, ఆమె పాట అయిపోయేదాకా వింటూ కూర్చున్నాడు.