దునాలి చివరి పూస

మా అన్నకు తుపాకి సరదా యాభై దాటాక పట్టింది. దెగ్లూర్ రోడ్డులో ఒక పత్తి వ్యాపారి తన పొలంలో మిషను పెట్టి మట్టి చిప్పలు గాల్లోకి విసిరిస్తాడు. ఆదివారాలు నాందేడ్ సేట్లు కొందరు అక్కడ చేరి వాటిని కాల్చి, బిర్యానీ తిని వస్తారు. చిప్పలకు నెత్తురు కారదు, అవి తిరిగి కరవవు. మా అన్నకు సరిగ్గా తగిన వేట.

లైసెన్సు చేతికి రాగానే నన్ను పిలిచాడు. "నీ నజర్ మీద నాకు భరోసా తమ్మీ. దునాలి నువ్వే పసంద్ చెయ్యాలె." దునాలి అంటే జంట గొట్టాల తుపాకి. అన్న నన్ను మెచ్చుకున్నాడంటే ఎక్కడో గొయ్యి తవ్వి పెట్టాడని చిన్నప్పటి నుంచీ తెలుసు. అయినా వెళ్లాను.

మాది బంగారం కొట్టు. అన్న గల్లా దగ్గర కూర్చుంటాడు, నేను గీటురాయి ముందు. ఇప్పుడు మిషన్లు వచ్చాయి గానీ, కిన్వట్ వైపు నుంచి పాత నగలు తెచ్చే మన తెలుగు రైతులకు వాటి మీద నమ్మకం లేదు. నగను రాయి మీద గీసి, ఆ గీత రంగు చూసి నేను చెప్పిందే వాళ్లకు మాట. బజారులో నా అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, అందరికీ 'నజర్ సేట్'నే. అలాంటి నాకు రెండేళ్ల కిందట కుడికన్ను నరం ఎండిపోయింది. హైదరాబాద్ డాక్టరు ఇక చూపు రాదని చెప్పేశాడు. ఎడమ కన్ను భేషుగ్గా ఉంది, గీత చదవడానికి అదొక్కటి చాలు. కానీ ఒంటికన్నువాడికి బంగారం చూపించేదెవరు? నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. రాయి ముందు ఆ చోటు పోయిందంటే ఇక నేను అన్న మోచేతి కింద నీళ్లు తాగవలసిందే.

తుపాకుల దుకాణం ముసలాయన రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో గొట్టాలు పక్కపక్కన ఉన్నాయి, రెండోదాంట్లో ఒకదాని మీద ఒకటి. అన్న చేతి పొడవూ నాదీ ఒకటే. కట్టె పిడిని మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గరుకు అందుతుందో లేదో చూశాను. గొట్టాలను కిందికి విరిచి, తూటా గూళ్లలో తుప్పు లేదని తెలుసుకుని, మూసినప్పటి చప్పుడు విన్నాను. పక్కపక్క గొట్టాలది తేలిగ్గా ఉంది, భుజానికి ఒదిగింది. అదే తీసుకుందామన్నాను.

"గురి గూడ చూడు," అన్నాడు అన్న.

"బాయీ ఆంఖ్ బంద్ కరో సేఠ్," అన్నాడు ముసలాయన. తుపాకి భుజానికెత్తి ఎడమ కన్ను మూశాను. ఇక అంతా చీకటే.

"నాలి కొసకు పూస ఉంటది గదా. ఏం రంగుంది?" అన్నాడు అన్న, తీరిగ్గా.

పిడీ గూళ్లూ చూశాను గానీ గొట్టం కొసన గురికి పెట్టే పూసను చూడలేదు. పూసలు ఇత్తడివి ఉంటాయని ఎక్కడో విన్నాను. పైగా మా ఇంట్లో పుట్టినవాడి నోటికి ముందొచ్చే రంగు ఒక్కటే.

"ఇత్తడిది. పసుప్పచ్చగ మెరుస్తుంది," అన్నాను.

ఎడమ కన్ను తెరిచాను. పూస కుంకుమంత ఎర్రగా ఉంది.

అన్న కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. "గీటురాయిని ఎప్పుడు జూసినా ఎడమ దిక్కు జరుపుతున్నవు తమ్మీ. నాకు షక్కుండె. అందుకే తోల్కచ్చిన." తర్వాత రెండో తుపాకి మీద చెయ్యి వేశాడు. "గిది తీస్కుంటం. మీదొకటి, కిందొకటి. పక్కపక్కన కూసుంటే మన ఇంట్ల పొసగది."

దసరా ముందు రోజు ఖండేనవమి, పనిముట్లకు పూజ. ఏటా పీట మధ్యలో గీటురాయి ఉండేది, ఈసారి అక్కడ తుపాకి పడుకుంది. బజారంతా ప్రసాదానికి వచ్చిన వేళ అన్న ఆ రాయిని తీసి తన కొడుకు చేతికిచ్చాడు. నా ఒళ్లో దునాలి పెట్టాడు.

"ఇగ నువ్వు దర్వాజ కాడ కూసో తమ్మీ. వాచ్‌మన్‌కు ఒక్క కన్ను చాలు. దొంగలకేం ఎరుక?"

అందరూ నవ్వారు. నా భుజాల మీద ఆడి పెరిగిన ఆ కొడుకూ నవ్వాడు. నాకు చచ్చిపోవాలనిపించింది. ఏడిస్తే ఇంకా నవ్వుతారని నేనూ నవ్వాను. తుపాకి సాయంత్రానికి బీరువాలోకి వెళ్లింది గానీ నా కుర్చీ దర్వాజా దగ్గరే ఉండిపోయింది.

మొన్న ఎవడో కొత్త మనిషి సంచీ నిండా గాజులు, గొలుసులు అమ్మకానికి తెచ్చాడు. అన్న కొడుకు ఒక గాజును రాయి మీద గీసి, వెలుతురు కోసం దర్వాజా వైపు తిప్పాడు. నా ఎడమ పక్కనే. గీత ఎర్రగా పడింది. సగానికి సగం రాగి.

"మంచి మాల్ బాపూ," అన్నాడు కొడుకు.

అన్న గల్లా మీద చెయ్యి పెట్టి ఆగాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది, నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్ తమ్మీ?"

"వాచ్‌మన్‌కేం ఎరుక అన్నా," అన్నాను. "నాకైతే పసుప్పచ్చగనే కనబడ్తుంది."

అన్న గల్లా తెరిచాడు.