సూర్యుడి గుర్రాలు

మొన్న అబూ ధాబీలో ఒక హోటల్ గోడ నిండా పాత యూరప్ బొమ్మ అతికించి ఉంటే, చేతిలో కాఫీ చల్లారేదాకా చూస్తూ నిలబడ్డాను. మెలికలు తిరిగిన ఆకుల తీగలు, పూలదండలు, మబ్బుల మీద గ్రీకు దేవతలు. మూడు వందల ఏళ్ల కిందట రాగి రేకు మీద చెక్కి కాగితం మీద అచ్చొత్తిన అలంకారాలివి. వీటిని పెద్దవి చేసి గోడలకు ముద్రించే షార్జా వర్క్‌షాప్‌లో, కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది నేనూ మా అక్క భర్తా కలిసి పనిచేశాం. కొలతలు, రంగులు, సిరా సరిచూడడం నా పని. ఆ వరుస తప్పితే నాకు చేయి ఆడదు. చిరిగిన చోట గీతలు కలిపి కంప్యూటర్‌లో బొమ్మను బాగుచేయడం బావ పని. జగిత్యాలలో దుకాణాల బోర్డులు రాసిన చేయి ఆయనది. అప్పటికింకా ట్రయల్ మీదే ఉన్నాడు. ముదీర్‌కు, అంటే మా మేనేజర్‌కు, నచ్చకపోతే వీసా ఖలాస్.

ఒక విల్లా కోసం రథమెక్కిన గ్రీకు సూర్యుడి బొమ్మ వచ్చింది. గుర్రాల గుంపులో అక్కడక్కడా కాగితాన్ని పురుగు తినేసింది. బావ ఓపిగ్గా ఆ ఖాళీలన్నీ నింపాడు. ముద్రించిన బొమ్మను బల్ల మీద పరిస్తే, లాహోర్ నుంచి వచ్చిన మా ముదీర్ వేలితో లెక్కపెడుతూ ఆగిపోయాడు. గ్రీకుల కథలో ఆ రథానికి నాలుగు గుర్రాలే. బొమ్మలో ఏడున్నాయి.

"సాత్ ఘోడే? కిస్‌నే డాలా?" ఎవరు పెట్టారని అడిగాడు.

"మైనే సాబ్," అన్నాడు బావ, ఏమీ దాచకుండా. తర్వాత నావైపు తిరిగి, "సూర్యునికి ఏడు గుర్రాలే గదా బామ్మర్ది! మూడింటిని పురుగు తిన్నదనుకున్న" అన్నాడు.

"వీళ్ల సూర్యుడికి నాలుగే బావా."

"నాలుగిటితోని ఆకాశమంత ఎట్ల తిరుగుతడు?"

నాకు నవ్వొచ్చింది. ముదీర్ నవ్వలేదు. తీసేయాల్సినవి తానే గుర్తుపెడతానంటూ భూతద్దంతో వంగి, ఎర్ర పెన్సిల్‌తో మూడు గుర్రాల చుట్టూ సున్నాలు చుట్టాడు. నేను పాత కాగితం తెచ్చి పక్కన పెట్టాను. ఆయన చుట్టినవాటిలో రెండు అసలు గుర్రాలే! ముదీర్ చాలాసేపు రెండు బొమ్మలనూ మార్చి మార్చి చూశాడు.

"యే తో ఉస్తాద్ నిక్‌లా," అన్నాడు చివరికి, బావ పనితనాన్ని మెచ్చుకుంటూ. "యల్లా, తీన్ హటావ్." ఎక్కువైన మూడింటినీ తీసేయమని, చిరిగిన బొమ్మలన్నీ ఇక బావకే ఇమ్మని చెప్పాడు.

ఆ మధ్యాహ్నం బావ మూడు గుర్రాలనూ తన చేత్తోనే తీసేశాడు, ఒక్కోదాని మెడ నిమిరినట్టు మౌస్ కదుపుతూ. వీసా వచ్చిన రోజు షార్జా రోలా బజారులో నాకు బిర్యానీ తినిపించి, "మూడు గుర్రాలు పోయినయి గని, బతుకుబండి ఆగలే బామ్మర్ది" అన్నాడు.

ఎప్పుడో రాగి రేకు మీద కదిలిన చేయి ఎక్కడ ఆగిందో, మా బావ చేయి ఎక్కడ అందుకుందో అంత అనుభవమున్న ముదీర్ కంటికే దొరకలేదు. వందల ఏళ్ల దూరమని మనం అనుకునేది, ఒక్కోసారి రెండు గీతల మధ్య ఖాళీ అంత కూడా ఉండదు.