కాజాలక్క వెళ్లని పెళ్లి

ఆ కుట్టు కార్ఖానాలో చొక్కాలకు గుండీలు పట్టే కాజాలు తీసేది ఆమె. పదహారేళ్లుగా అదే మిషను, గోడవైపు తిప్పిన అదే స్టూలు. అందరికీ ఆమె కాజాలక్క. భర్త పోయాక ఒంటి గదిలో ఒక్కతే ఉంటోంది.

ఒకరోజు కాలర్లు కుట్టే ఆవిడ తన కూతురి పెళ్లి కార్డులు పంచింది. కాజాలక్కకూ, ఇస్త్రీ చేసే వదినకూ మాత్రం ఇవ్వలేదు.

ఇస్త్రీ వదిన చేతిలోని ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అక్కడికక్కడే అడిగేసింది. "ఏమ్మా, నా కార్డేదీ? నేను లేకుండానే కానిచ్చేద్దామనా?"

"కార్డులు చాల్లేదు వదినా. నోటితో చెబుదామనుకున్నా."

"చెప్పావుగా, చాలు. భోజనాల్లో మొదటి వరస నాదే."

అందరూ నవ్వారు. కాజాలక్క తలెత్తలేదు. పోయిన నెల ఆవిడ కుట్టిన ఓ కాలరు వంకరపోయిందని తను అన్న మాట గుర్తొచ్చింది. 'నాలాంటిదాన్ని ఎవరు పిలుస్తారులే' అనుకుంది. చిన్నప్పుడు చుట్టాలొస్తే వాళ్లమ్మ చెల్లెల్ని ముందుకు తోసి, "పెద్దది కాస్త మందం, దాన్నేం అడక్కండి" అనేది.

సాయంత్రం కాలర్లావిడ స్టూలు దగ్గరికే వచ్చింది. "అక్కా, ఆదివారం నువ్వు రావాలి."

వదిన అడిగింది కాబట్టి మొహమాటానికి పిలుస్తోందనిపించింది. "ఆదివారం పనుంది" అంది ముక్తసరిగా.

పనేమీ లేదు. ఆదివారం ఉతికిన దుప్పటే మళ్లీ ఉతికింది. తర్వాత మంచి బట్టలు కట్టుకుని బస్సు ఆగేచోటి దాకా వెళ్లింది. రెండు బస్సులు పోయాయి. ఎండకు కళ్లు మండుతున్నాయని తనకు తనే చెప్పుకుని ఇంటికొచ్చేసింది.

సోమవారం కాలర్లావిడ నెమ్మదిగా అంది: "నీ కోసం చివరిదాకా చూశానక్కా. మేమంటే నీకు పడదేమో అనుకున్నా."

తను ఎవరినైనా కాదనగలదని, అది ఒకరికి నొప్పి కలిగిస్తుందని కాజాలక్కకు ఎన్నడూ తోచలేదు. "ఒంట్లో బాగోలేదు" అంది. మొన్న పనుందన్న సంగతి ఇద్దరికీ గుర్తుంది. కాలర్లావిడ తలూపి వెళ్లిపోయింది.

ఆ తర్వాత టీకి ఆమెను పిలవడం మానేశారు. చాలా వారాలు అలాగే గడిచాయి. గోడకేసి చూస్తూ తాగే టీ ఎప్పుడూ చల్లారిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె గ్లాసు పట్టుకుని లేచి, టీ తాగుతున్న వాళ్లవైపు నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఇస్త్రీ వదిన చూసి కాస్త జరిగింది.

"నిలబడ్డావేం? రా."

 ఎవరూ ఏమీ అడగలేదు. అయినా టీ అయిపోయేదాకా కాజాలక్క అక్కడే కూర్చుంది.