ఆనపకాయల మీద రెండక్షరాలు

మా అత్త పోయిందన్న కబురు నాకు అనకాపల్లిలో, పొద్దుటి బడి గంట కొట్టే వేళకి అందింది. చోడవరం నుంచి వచ్చిన బస్సు కండక్టరు నేను పాఠాలు చెప్పే బడి గుమ్మం దగ్గర నిలబడి, "మీ మేనత్తగారు తెల్లారగట్ట పోయేరటమ్మా. మీరొచ్చేదాకా ఉంచుతారట" అని చెప్పి, బస్సు కదులుతోందని పరిగెత్తాడు. పిల్లల్ని ఇళ్లకి పంపేసి నేను తర్వాతి బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి వాకిట్లో అత్త బావగారు, అంటే ఆవిడ భర్తకి అన్నగారు, మంచం మీద కూర్చుని వచ్చినవాళ్లకి చెబుతున్నాడు. "మా మరదలు బూదేవంత ఓర్పుగల మనిసి. ఎవుర్నీ పల్లెత్తు మాటనేదు. మనసులో ఏదీ ఎట్టుకోనేదు." విన్నవాళ్లు తలలూపుతున్నారు. బస్సులో దారంతా ఏడ్చుకుంటూ వచ్చిన నాకు ఆ మాటతో ఏడుపు ఆగిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. మా అత్త ఓర్పుగల మనిషి కాదు. మనసులో పెట్టుకుంది, చివరిదాకా ఉంచుకుంది. ఒక వేసవిలో, ఒక సంతకీ మరుసటి సంతకీ మధ్య ఉన్న వారం రోజుల్లో ఆ బావగారి మీదే పగ తీర్చుకుంది. ఆ సంగతి ఊళ్లో సగంమందికి తెలుసు. ఆవిడ శవం ఇంట్లో ఉండగానే దాన్ని ఆయనే చెరిపేస్తుంటే నేను చూస్తూ ఊరుకోలేను.

తెల్లదొరలు వెళ్లిపోయి నాలుగైదేళ్లయిన రోజులవి. నాకు చోడవరంలో బోర్డు బడిలో కొత్తగా ఉద్యోగం వచ్చింది. అత్త ఇంట్లో ఉండేదాన్ని. మామయ్య పోయి అప్పటికి రెండేళ్లు. పిల్లలు లేరు. వడ్డాది వెళ్లే దారిలో అరెకరం తోట, అందులో ఒక నుయ్యి, అవే ఆవిడకి మిగిలినవి. వంగ, బెండ, బీర, మూలగా రెండు మల్లెపొదలు, నడిమధ్య పెద్ద ఆనపపందిరి. తోటకి ఇటు పక్కన దారి, అటు పక్కన బావగారి చెరుకు.

వేసవిలో ఆవిడ రోజు తెల్లవారకముందే మొదలయ్యేది. ఎండ ఎక్కేలోగా నూతి నుంచి చేదతో నీళ్లు తోడి ప్రతి పాదుకీ కుండతో పోసేది. పోస్తున్నంతసేపూ మొక్కలతో మాట్లాడేది. ముద్దుగా కాదు, గదమాయిస్తూ. "నిన్న తాగిందంతా ఏటి సేసేవే? ఆకులేసుకు కూకున్నావా?" అనేది వంగమొక్కని. తర్వాత పొయ్యిలో బూడిద జల్లించి, పేను పట్టిన ఆకుల మీద చల్లేది. పొద్దెక్కాక ఇద్దరం రాగిపిండితో కాచిన చోడంబలి తాగేవాళ్లం, అందులోకి పచ్చి ఉల్లిపాయ. మధ్యాహ్నం వడగాలి ఆగేదాకా జీడిచెట్టు కింద తాటాకు చాప మీద పడుకునేవాళ్లం. ఆవిడ నిద్రపోయేది కాదు. ఒక కన్ను పందిరి మీదే ఉండేది.

కారణం ఉంది. ఆ ఏడు సంత ముందు రోజు రాత్రల్లా పందిరి మీద ముదిరిన కాయలు మాయమవుతున్నాయి. బావగారు నలుగురిలో ఒకటే పాట. "ఆడదాని సేద్దెం దొంగల పాలు. తోట నాకప్పజెప్పితే నాను సూసుకుంతాను. ఆవిడికి తిండెట్టనా?" పెద్దమనుషులకి అది న్యాయంగానే తోచింది. వచ్చే సంత కాక ఆ పై సంత మర్నాడు కూర్చుని తేల్చేద్దామన్నారు. అంతటితో ఆగలేదాయన. "సదువుకున్న గుంటొకర్తి ఇంట్లో ఉంది కదా. ఆ తోటకి వచ్చినోల్లు కాయల కోసమే వచ్చేరని ఏటి నమ్మకం?" అన్నాడట, నన్ను ఉద్దేశించి. ఆ మాట విన్న రోజు నాకు అన్నం దిగలేదు. ఆయన నలుగురిలో తలెత్తుకోలేని రోజొకటి రావాలని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇప్పటికీ దానికి సిగ్గుపడను.

సంత నాటి పొద్దున్న మళ్లీ కాయలు పోయాయి. అత్త పందిరి కింద నిలబడి, కోసిన తొడిమలు ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూసింది.

"దొంగోడు కాయని తెంపుకు పోతాడు గుంటా. ఈడు కత్తెట్టి కోసేడు. కాయ వాడిపోకుండా ఏలెడు తొడిం ఉంచి కోసేడు. మా ఇంటి కోత ఇది."

నేను నోరు తెరిచాను. ఆవిడ నా నోటి మీద చెయ్యి పెట్టింది. "అరిస్తే ఏటొస్తాది? ఆడది దొంగతనం అంటగడతందంతారు." తర్వాత లోపలికి వెళ్లి తుమ్మముల్లు ఒకటి తెచ్చింది. "నీకు అచ్చరాలొచ్చు కదా. నేత కాయల మీద రాయి. కాయెదిగితే గీతా ఎదుగుతాది. పైర్ల మీద సూసేను నాను."

"నీ పేరు రాయనా?"

"నా పేరెందుకు? నా దగ్గర కొన్నానంతాడు. దొంగ అని రాయి. సొంత కాయ మీద ఎవుడైనా దొంగని రాసుకుంతాడా?"

ఆ వారం రోజులూ నాకు బడి సెలవులే. రాయగలిగిన లేత కాయలన్నింటి మీదా, తొడిమ కింద ఆకు చాటున పడేలాగ, ఆ రెండక్షరాలు గీశాను. మొదటి రోజు కోపంలో లోతుగా గీసేశాను. మర్నాటికి మూడు కాయలు కుళ్లాయి. "పీక కోసినట్టు రాస్తావేటే? పైతోలు మీద గోరంత. కోపం సేతిలోకి రానీకు" అని కసిరింది. అప్పటి నుంచీ ముల్లు తేలిగ్గా ఆడించడం నేర్చుకున్నాను. మొదట్లో సన్నటి తడి గీత. రెండో రోజుకి గోధుమరంగు పొక్కు. నాలుగో రోజుకి అక్షరం బొటనవేలంత. ఆవిడకి చదువు రాదు. అయినా నీళ్లు పోస్తూ ప్రతి కాయ దగ్గరా ఆగి, ఆకు ఎత్తి చూసి, మళ్లీ మెల్లగా కప్పేది. "ఎదుగుతన్నాదా? బాగా ఎదుగుతన్నాది" అనేది. పసిపిల్లల్ని చూసుకునే తల్లి ముఖంలో ఉండే సంతోషం అప్పుడు ఆవిడ ముఖంలో చూశాను. పగకి కూడా అంత శ్రద్ధ కావాలని నాకు అప్పుడే తెలిసింది.

నా భయం ఒకటే. ఆయన ఈసారి రాకపోతే? ఆ కాయలు ఎవరు కొంటారు, పెద్దమనుషుల ముందు ఏం చెబుతాం? అడిగితే, "వస్తాడు. ఆశ పడినోడు ఆగలేడు" అంది.

సంత నాటి పొద్దున్న పందిరి బోసిగా ఉంది. అత్త గట్టిగా ఊపిరి పీల్చి, ముఖం కడుక్కుని, బుట్టలో నాలుగు వంకాయలు వేసుకుంది. ఇద్దరం వడ్డాది సంతకి నడిచాం.

బావగారి బండి మాకన్నా ముందే వచ్చింది. కాయలు తడి గోనెల కింద ఉన్నాయి. ఆయన కాఫీ హోటలు దగ్గర పెద్దమనుషులతో కూర్చున్నాడు. అమ్మకానికి ఆయన భార్య, అంటే అత్త తోడికోడలు, ఒక్కర్తే ఉంది. అత్త ఆవిడని అప్పా అని పిలిచేది. మేం ఎదురుగా బుట్ట దించుకునేసరికి ఆవిడ గోనెలు తీసి కాయలు పేర్చుతోంది.

తపాలా బంట్రోతు ఒకడు కాయ ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "ఇదేటమ్మా, కాయ మీద దొంగ అనుందీ?" ఇంకోటి ఎత్తాడు. "దీని మీదా ఉంది!" పక్కనున్నవాళ్లు వచ్చారు. ఒకడు నవ్వాడు. చూస్తుండగా గుంపయింది. ఎవరో ప్రతి కాయా ఎత్తి గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

నాకు ఒళ్లు పులకరించింది. అంతలో తోడికోడల్ని చూశాను. ఆవిడకి చదువు రాదు. కాయకి ఏదో మట్టి అంటిందనుకుని, చీర కొంగు తడిపి, ఆ అక్షరాల్ని రుద్దుతోంది. ఎంత రుద్దినా పోవడంలేదు. జనం నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆవిడ ఇంకా గట్టిగా రుద్దుతోంది.

అత్త లేచింది. గుంపులోంచి వెళ్లి ఆవిడ పక్కన చతికిలబడి, చెయ్యి పట్టుకుంది. "రుద్దకప్పా. అది పోదు. నానే రాయించేను. నీ మీద కాదు." తర్వాత గుంపు వైపు తిరిగింది. "ఆయన్ని పిలండి."

ఆయన వచ్చాడు. కాయలు చూశాడు, చదివాడు. ముఖం నల్లబడింది. "నాకేటి తెలుసు? ఇది ఎక్కడ తెచ్చిందో ఏటో" అని భార్య వైపు వేలు చూపించాడు.

మా అత్త కాపరానికి వచ్చిన నాటి నుంచీ బావగారి ఎదట నిలబడలేదు. ఏదైనా చెప్పాలంటే తలుపు చాటు నుంచి ఇంకొకరితో చెప్పించేది. ఆ రోజు ఎదురుగా నిలబడి ఆయన కళ్లలోకి చూసింది.

"బావగారూ, అప్పకి పందిరందదు. తొడిమలు సూడండి. ఏలెడుంచి కోసేరు. ఆ కోత మీ తమ్ముడికి నేర్పింది మీరే. ఆయన నాకు నేర్పేరు. నా తోట దొంగల పాలవుతందన్నారు. ఈ గుంట మీద కూడా నోరు పారేసుకున్నారు. దొంగెవుడో ఇప్పుడు సంతంతా సదివింది. తెచ్చిన కాయలు మీ సేత్తోనే నా బుట్టలో ఎట్టండి."

 ఆయన చుట్టూ చూశాడు. కాఫీ హోటలు దగ్గర తనతో కూర్చున్నవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు, ఒక్కడూ ఆయన వైపు మాట్లాడలేదు. అప్పుడు తోడికోడలు లేచి, ఒక కాయ ఎత్తి ఆయన చేతిలో పెట్టింది. 

ఆయన వంగాడు. కాయ తర్వాత కాయ. బంట్రోతు ప్రతిసారీ "దొంగ" అని చదివాడు. బుట్ట నిండాక అత్త మిగతావి గోనెలో వేయించింది. ఆఖరి కాయ దాకా అత్త కదల్లేదు, నేనూ కదల్లేదు. అంత కమ్మటి పొద్దు నా జన్మలో ఇంకొకటి లేదు.

మర్నాడు పెద్దమనుషులు కూర్చోలేదు. మరెప్పుడూ కూర్చోలేదు.

తిరిగి వస్తూ దారిలో అత్త ఒక్కసారి కూలబడింది.  నీళ్లిచ్చాను. "అప్ప అలా రుద్దడం బాగోనేదు గుంటా. ఆయనకి తగలాలని ఇసిరేను. మద్దిలో ఎవులున్నారో సూసుకోనేదు. కోపం ఉండాల. తగలాల్సినోడికే తగలాల" అంది. నేను విన్న ఆవిడ మాటల్లో నాకు బాగా పనికొచ్చింది ఇదే.

ఆ తర్వాత ఏడేళ్లు, కోసిన కూరల్లో మొదటి దోసెడు కంచె మీదుగా తోడికోడలికి వెళ్లేది. ప్రతిసారీ ఒకటే మాట. "ఇది నీకు. ఆయనకెట్టకప్పా." ఆవిడ పెరట్లో వేరుగా వండుకుని తినేదట. బావగారితో అత్త మళ్లీ ఒక్క మాటా మాట్లాడలేదు. ఆయన జబ్బుపడ్డప్పుడు ఊరంతా చూసొచ్చింది, ఆవిడ వెళ్లలేదు. "నాను మరిసిపోయేనని ఎవులైనా అంటే నమ్మకు" అని నాతో నవ్వుతూ అంది.

నేను ఆఖరిసారి చూసింది పోయిన నెలలో. అప్పటికే ఆయాసం. రెండు అడుగులు వేస్తే కూర్చోవాలి. గట్టు మీద కూర్చుని బెండమొక్కల మొదళ్లలో గడ్డి లాగుతోంది. దారి మీద ఎవరో దగ్గారు. అత్త చెయ్యి ఆగింది. నా భుజం పట్టుకుని, పళ్లు బిగించి, లేచింది. కొంగు సర్దుకుని, కలుపు తీసే గొలుగు చేతిలోకి తీసుకుని, నిటారుగా నిలబడింది. బావగారు తల వంచుకుని దారి మీద నడిచి వెళుతున్నాడు. ఆయన చెరుకు మళ్ల దగ్గర మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఆవిడ అలాగే నిలబడి ఉంది, ఎండలో, నా భుజం మీది చెయ్యి కూడా తీసేసి.