రెండో ఫోన్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నేనూ కాదనను. గ్యాస్ బండ వస్తే సీలు రెండుసార్లు చూస్తాను. తాళం వేశాక గొళ్లెం లాగి చూసి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కి వచ్చి లాగుతాను. అలాంటిదాన్ని, ఫోన్‌తో నడిచే థర్మోస్టాట్ ఒకటి ఏసీకి పెట్టిద్దామని మా ఆయన అంటే ఊరుకుంటానా?

"మన ఇంట్ల సంగతి బయటోళ్లకు తెలుసుడు ఎందుకు?" అన్నాను.

"ఏం సంగతే? గదిల ఎంత ఉడుకుందో తెలుస్తది, గంతే" అన్నాడు ఆయన.

అసలు ఆ అవసరం వచ్చింది మా బాపు, అంటే మా నాన్న వల్ల. బాపు సిరిసిల్లలో ముప్పై ఏళ్లకు పైగా సాంచెలు నడిపాడు. సాంచెలంటే మరమగ్గాలు. అవ్వ, అంటే మా అమ్మ, పోయింది. తమ్ముడు అదే పని మీద భీవండికి పోయాడు. బాపు ఒక్కడే రేకుల గదిలో ఉండేవాడు. కిందటి ఎండాకాలం వడదెబ్బ తగిలి నాలుగు రోజులు దవాఖానలో పడ్డాడు. ఇంకోసారి ఇలా అయితే మనిషి దక్కడని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. అందుకని ఈసారి ఎండలు ముదరకముందే కరీంనగర్‌కు, మా ఇంటికి తీసుకొచ్చాను. "బిడ్డ ఇంట్ల ఎన్ని దినాలుంటరే" అని గొణుగుతూనే వచ్చాడు.

మా ఇంట్లో ఏసీ ఉన్నది ఒక్క గదికే. ఆ గది బాపుకిచ్చి మేమిద్దరం హాల్లో కూలర్ ముందు పడుకునేవాళ్లం. చిక్కంతా పగలే. నాది మండల ఆఫీసులో కంప్యూటర్ పని, మా ఆయన బస్సు డిపోలో మెకానిక్. తొమ్మిదికి ఇద్దరం బయటపడితే మళ్లీ సాయంత్రమే. రిమోట్ ఇచ్చిపోతే బాపు ఒకరోజు ఏదో నొక్కి, పదహారులో పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని వణుకుతూ కూర్చున్నాడు. ఇంకోరోజు అసలు వేయనే లేదు. "నా ఒక్కనికి గింత మిషినెందుకు?" అన్నాడు. గదిని అదే కనిపెట్టుకుని ఏసీని అదే నడిపే డబ్బా అయితే ఈ ఫికర్ ఉండదని మా ఆయన వాదన. నేను ఒప్పుకున్నాను కానీ మనసు ఒప్పుకోలేదు.

ఆదివారం పూట ఏసీ మెకానిక్ వచ్చాడు. అరచేతిలో పట్టేంత తెల్లని డబ్బా తీశాడు. మధ్యలో అంకెలు వెలుగుతున్నాయి. నా ఫోన్ తీసుకుని ఏదో ఎక్కించి, ఒకటొకటే అడగడం మొదలుపెట్టాడు. నా నంబరు కావాలట. ఇల్లెక్కడుందో దానికి తెలియాలట. మైకు వాడుకోవడానికి ఒప్పుకోవాలట.

"ఏసీకి మైకు దేనికి?" అన్నాను.

"అది అందర్నీ అడుగుతది మేడం. నొక్కుండ్రి."

"అందరూ నొక్కుతరని నేను నొక్కాల్నా? గదిల ముసలాయన దగ్గినా వింటదా అది?"

అతను నవ్వాడు. నేను నవ్వలేదు. చివరికి ఇల్లెక్కడుందో చెప్పాను, మైకు మాత్రం ఇవ్వలేదు. అది లేకుండా కూడా డబ్బా శుభ్రంగా నడిచింది. మరి ఎందుకు అడిగినట్టు? ఆ మాట అతన్ని అడిగితే మా ఆయన నా వైపు గుడ్లురిమి చూశాడు.

ఎండ తగలకూడదు, ఏసీ గాలి నేరుగా కొట్టకూడదు అని గది మొత్తం తిరిగి, బాపు మంచం పక్క గోడకు, బట్టలు తగిలించే కొక్కేల కింద దాన్ని బిగించాడు. నా ఫోన్‌తో పాటు మా ఆయన ఫోన్ కూడా కలిపాడు. యాప్‌లో నాది మొదటి ఫోన్, ఆయనది రెండో ఫోన్. బాపు ఆ డబ్బాను కాసేపు చూసి, "మేస్త్రి లెక్క నా మీదనే కన్నేసి కూసుంది" అన్నాడు.

పక్కింటావిడ ఇంకో పుల్ల వేసింది. ఇలాంటివన్నీ మన మాటలు వింటాయని, వాళ్ల బంధువులింట్లో ధోవతుల గురించి మాట్లాడుకుంటే తెల్లారి ఫోన్ నిండా ధోవతులే వచ్చాయని చెప్పింది. రెండు రోజులు ఆ గదిలో నేను గుసగుసగానే మాట్లాడాను. బాపుకు సరిగా వినపడదు. నా గుసగుసలతో ఆయనకు తిక్కరేగి, "ఏందే, ఎవ్వల మీద చాడీ చెప్తున్నవ్?" అని అరిచాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆఫీసులో అన్నం తింటుండగా ఫోన్ మోగింది. సెట్టింగ్ మారింది, రెండో ఫోన్ నుంచి అని ఉంది. ఏం మారిందో రాయలేదు. పట్టించుకోలేదు. మర్నాడు దాదాపు అదే వేళకు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అప్పుడు అన్నం గిన్నె పక్కకు నెట్టి యాప్ తెరిచి చూశాను. ఒకటిన్నర ప్రాంతంలో ఏసీ ఆగిపోయినట్టు గీత కనిపించింది. అదే ప్రాంతంలో ఆయన ఫోన్ నుంచి ఏదో నొక్కినట్టూ ఉంది. ఆయనే ఆపుతున్నాడనుకున్నాను. ముందు ఏది, వెనక ఏది అని చూడాలన్న తెలివి ఆ రోజు నాకు లేదు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ, ఏమీ ఎరగనట్టు అడిగాను. "మధ్యాహ్నం ఏసీ మంచిగనే నడుస్తుందా?"

"నడుస్తుంది తియ్యి" అని తల ఎత్తకుండా తిన్నాడు.

ఎప్పుడూ నోట్లో నాలుక లేనట్టుండే మనిషే. కానీ ఆ రోజు ఆ తల ఎత్తకపోవడం నాకు వేరేలా కనిపించింది. అక్కణ్నుంచి అన్నీ గుర్తొచ్చాయి. బాపు వచ్చిన వారం "మామ ఎన్ని రోజులుంటడు?" అని అడిగాడు. ఆ గది ఆయన డ్యూటీ దిగి వచ్చి కాళ్లు చాపుకునే గది. హాల్లో దోమలని రెండుసార్లు విసుక్కున్నాడు. విడివిడిగా చూస్తే ఏమీ లేవు. నేను వాటన్నిటినీ ఒక్క తాడుకు గుచ్చాను. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. నాకు మా ఆయన ఒక్కడే పచ్చగా కనిపించాడు.

బాపును అడిగితే తేలిపోతుందనుకున్నాను. మొహం వాడిపోయి ఉంది. సీసాలో నీళ్లు అయిపోయి ఉన్నాయి.

"బాపూ, మధ్యాహ్నం ఏసీ బందైతుందా?"

"అప్పుడప్పుడు ఆగుతది బిడ్డా. దానికి గూడ జర దమ్ము తీసుకోవాలె గద."

"అప్పుడు ఎవరన్న ఫోన్ చేస్తరా?"

"అల్లుడు చేస్తడు. తిన్నవా మామా, పన్నవా అంటడు."

పడుకున్నాడో లేదో కనుక్కుని మరీ ఆపుతున్నాడన్నమాట! పదహారేళ్లు కాపురం చేసిన మనిషిని ఆ మాట నేరుగా అడిగితే సరిపోయేది. అడగలేదు. అడిగితే కాదంటాడు, ఆ తర్వాత జాగ్రత్తపడతాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మర్నాడు పొద్దున ఆఫీసుకు వెళ్లగానే యాప్ తెరిచి రెండో ఫోన్ తీసేశాను. నిజంగా తీసేయాలా అని అది ఒకటికి రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునన్నాను.

ఆ రోజు బయట నిప్పులు కురుస్తున్నాయి. రోడ్డు మీద కుక్క కూడా లేదు. మధ్యాహ్నం పెద్ద సారు మీటింగ్ పెట్టాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసే ముందు ఒకసారి చూశాను. రెండు దాటింది. రెండో ఫోన్ నుంచి ఏమీ రాలేదు. చూశావా, తాళంచెవి చేతిలో లేకపోతే ఎంత బుద్ధిగా ఉన్నాడో అని లోలోపల సంతోషపడ్డాను. గది ఇరవై నాలుగు అని చూపిస్తోంది. చల్లగా పడుకుని ఉంటాడులే అనుకున్నాను. ఏసీ నడుస్తోందా లేదా అని చూడలేదు. నేను చూడాలనుకున్నది దొంగను, వాడు కనిపించలేదు, అంతే చాలనుకున్నాను.

మీటింగ్ అయ్యాక సంచి తెరిస్తే మా ఆయన నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. వెంటనే చేశాను.

"పరేషాన్ కాకు. బాపును దవాఖానకు తీసుకొచ్చిన. జర తొందరగ రా" అన్నాడు.

నేను వెళ్లేసరికి బాపుకు సెలైన్ ఎక్కుతోంది. చంకల్లో, మెడ మీద తడిగుడ్డలు పెట్టారు. కళ్లు మూసుకుని, సాంచె ముందు ఉన్నట్టు ఎవరినో నూలు కండె మార్చమని అడుగుతున్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. మా ఆయన డిపో బట్టలతోనే ఉన్నాడు, చేతుల నిండా గ్రీసు ఉంది. ఇంకో గంట ఆలస్యమైతే మనిషి చేతికి వచ్చేవాడు కాదని నర్సు అంది.

"రోజు ఒకటిన్నరకు ఎందుకో అదే బందైతుంది" అన్నాడు ఆయన. "లోపల ఇరవై నాలుగు అని చూపెడ్తది. బయట గింత మండుతుంటే, ఏసీ బందుంటే లోపల ఇరవై నాలుగు ఎట్లుంటది? అందుకే రోజు మామకు ఫోన్ చేసి మంచిగున్నడా లేడా అడిగి, నేనే సెట్టింగ్ తగ్గించి మళ్ల చాలు చేస్తుంటి. ఇయ్యాల ఆ యాప్ నన్ను లోపలికే రానిస్తలేదు. సిగ్నల్ లేదేమో అనుకున్న. మామకు చేస్తే ఎత్తలే. మూడుసార్లు చేసిన. ఇగ పర్మిషన్ పెట్టి బండి తీసిన."

"నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"చెప్తే నువ్వు ఆ డబ్బా పీకి అవతల పారేస్తవ్. మొదటి సంది దాని మీద నీకు కోపమే. పీకేస్తే పొద్దంత మామను ఎవ్వలు చూస్తరు? మెకానిక్‌కు చెప్పిన. రేపు మాపు అంటుండు."

చీకటి పడే వేళకు బాపు కళ్లు తెరిచాడు. నన్ను చూసి "బిడ్డా" అన్నాడు. నేను చిన్నపిల్లలా ఏడ్చాను. నా ఏడుపు అయ్యేదాకా ఆగి మా ఆయన నెమ్మదిగా అడిగాడు. "మామా, నేనొచ్చేసరికి డబ్బా మీద తడి తువాల ఏలాడుతుండె. ఎందుకేసినవ్?"

బాపు దొరికిపోయినట్టు చూశాడు.

"గా మిషిన్ గాలి మస్తు ఎండుగుంటది అల్లుడా. ముక్కు, గొంతు ఎండుకపోతయి. కార్ఖానల గాలి ఎండితే పోగులు తెగేటియి. నేల మీద నీళ్లు చల్లి, గోనెసంచి తడిపి గోడకు కడ్తుంటిమి. మీ ఇంట్ల టైల్స్ మీద నీళ్లు చల్లుడు ఏం బాగుంటదని, తిన్నంక తువాల తడిపి ఏలాడేస్తుంటి. బిడ్డ వచ్చే యాళ్లకు తీసేస్తుంటి. గోడ ఖరాబైతుందని మీరనుకుంటే?"

ఆ తడి తువ్వాలు కింద డబ్బా చల్లబడి, గది మొత్తం అలాగే ఉందనుకుని ఏసీని ఆపేసేది. రేకుల కింద బతికిన మనిషికి ఆ ఉక్క ఉక్కలా అనిపించదు. తిన్నాక అలాగే కునుకులోకి జారుకునేవాడు. కూతురింట్లో గోడకు మరక పడకూడదని చూసుకున్నాడు. నేను వచ్చేసరికి తువ్వాలు ఉండేది కాదు, గది చల్లగా ఉండేది, నా అనుమానం మాత్రం రోజుకింత పెరిగేది.

బాపు మళ్లీ నిద్రపోయాక ఇద్దరం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఫోన్ తీశాడు. "మెకానిక్‌కు చేస్త. ఇయ్యాల నాది ఎందుకు ఓపెన్ కాలేదో అడగాలె."

"అడగకు" అన్నాను. "నేనే తీసేసిన."

ఆయనకు అర్థం కాలేదు. "ఏం తీసేసినవ్?"

"నీ ఫోన్. నువ్వే రోజూ బందు చేస్తున్నవనుకున్న."

"నేనెందుకు బందు చేస్త?"

అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం వెతుక్కున్నాను. దొరకలేదు. "బాపు మనింట్ల ఉండుడు నీకు ఇష్టం లేదేమోనని" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. నన్ను నాలుగు తిడితే బాగుండని కూర్చున్నాను. ఆయన తిట్టలేదు. చేతికంటిన గ్రీసును వేలితో గీక్కున్నాడు. నా మొహం వైపు చూడలేదు.

తర్వాత లేచి నిలబడ్డాడు.

"మామకు మాత్రం చెప్పకు" అన్నాడు. "తన వల్ల మనిద్దరి నడుమ గిట్లయిందని తెలిస్తే, ఇగ మనింట్ల ఒక్క పూట ఉండడు."

అని లోపలికి పోయి, బాపు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.