ఎలుకల సాక్ష్యం

మా వీధి చివర కిరాణా కొట్టు నడిపే మిత్రుడికి ఏడేళ్ల కూతురుంది. నిరుడు ఆ పిల్లకు చక్కెర జబ్బు బయటపడింది. ఒంటిని కాపాడాల్సిన కణాలే తిరగబడి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తాయట. డాక్టరు చెప్పింది అంతే. ఎవరి వైపు నుంచి వచ్చిందో చెప్పలేదు. ఆ కొరత మొగుడూ పెళ్లాలు తీర్చుకున్నారు. మీ ఇంటిదంటే మీ ఇంటిదని ఆరు నెలలు వాదించుకున్నాక, ఆమె పిల్లను తీసుకుని కంబదూరులో పుట్టింటికి వెళ్లిపోయింది.

నా కూతురు బెంగళూరులో ఒక ప్రయోగశాలలో ఎలుకల్లో ఇదే జబ్బును పరిశీలిస్తోంది. అది తెలిసి అతను మా ఇంటికొచ్చాడు.

"అన్నా, మీ పాపను అడుగు. యా తట్టు నుంచి వచ్చినాదో ఎలుకలను కోసి చూస్తే తెలుస్తాది గదా? తెలిస్తే ఆయమ్మ నోరు మూసుకోని ఇంటికొస్తాది."

రెండో పక్షాన్ని విచారించకుండా వార్త రాయొద్దని పత్రికలో కుర్రాళ్లకు ముప్పయ్యేళ్లు చెప్పినవాణ్ణి. అయినా ఫోను తీశాను.

నా కూతురు నవ్వింది. "ఈ ఎలుకలను తరతరాలుగా అన్నాచెల్లెళ్లనే జత కలిపి పెంచినారు నాయనా. జన్యువులన్నీ దాదాపు ఒకటే. అయినా ఒకే గూట్లో ఒకదానికి జబ్బు వస్తాది, పక్కదానికి రాదు. ఒక్క జన్యువు పని కాదిది. అమ్మవి కొన్ని, నాయనవి కొన్ని కలవాల, బయటి కారణాలూ తోడు కావాల. ఎవరిదని చెప్పేది?"

అతను ఏమాత్రం నిరాశపడలేదు. "అయితే ఆయమ్మ తట్టువి కొన్ని ఉండాయి!" అని మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని కంబదూరు బస్సెక్కాడు.

అతని అత్తగారు గడపలో కూర్చుని శెనక్కాయలు ఒలుస్తోంది. అతను ఎలుకల సంగతంతా చెప్పి, మీ ఇంటిది కొంత ఉందని తేలిందన్నాడు. ఆమె ఒలవడం ఆపలేదు.

"మా ఇల్లు యాడుండాదప్పా? నేను పుట్టిన ఇంట్లోనే గదా నువ్వూ పుట్టినావు? తోడబుట్టినోడివని నా బిడ్డనిచ్చినా. నీకూ నాకూ అమ్మ ఒకటే. పో, ఎలుకలను ఇంకోసారి అడిగిరాపో."

అక్క కూతుర్ని చేసుకోవడం మా వైపు ఎంత మామూలంటే, వాళ్ల పెళ్లి భోజనం తిన్న నాకూ ఆ మాట తట్టలేదు. ఒకే ఇంటి మీద ఇద్దరూ ఎదురెదురు దావాలు నడిపారు.

లోపలి నుంచి అతని భార్య వచ్చింది.

"యా తట్టుదైతే ఏంది మామా? దినానికి నాలుగు సూదులు. ఇన్ని నెలల్లో నువ్వు ఒక్కటేసినావా? సూది చూస్తానే కొట్లోకి పారిపోతావు. నేర్చుకుంటే వస్తా. లేదంటే ఈడనే ఉంటాం."

అన్నం వేళయింది. పిల్ల మందు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టి చేయి చాపింది. తల్లి మోతాదు సరిచూసింది. అతను సూది పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

"కండ్లు మూసుకోవద్దు నాయనా," అంది పిల్ల. "మూసుకుంటే యాడ పొడుస్తావో ఏమో."

పొడిచాడు. ఊపిరి బిగబట్టింది మేమిద్దరం మగాళ్లమే.

"ఒకటైంది," అంది తల్లి. "రాత్రిదీ, పొద్దుటిదీ కూడా నువ్వే వెయ్యి. అప్పుడు చెప్తా."

అతను అక్కడే ఉండిపోయాడు. నేనొక్కణ్ణే తిరిగొచ్చాను. మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ మా వీధిలోకి నడిచి వస్తుంటే చూశాను. మందుల సంచి అతని భుజానికి ఉంది.